ముహూర్తం ముందు సూదిమందు

పెళ్లి పనుల జాబితా మళ్లీ పెరిగింది. కల్యాణమండపం, కేటరింగు, డ్రోన్ కెమెరా, మెహందీ, సంగీత్‌కి డాన్సు మాస్టారు, వీటి సరసన ఇప్పుడు వారానికో సూది. బ్రైడల్ ప్యాకేజీ అట. ఫేషియల్, లేజర్, గ్లూటాథయోన్ డ్రిప్పు, ఆ వరుసలోనే సెమాగ్లుటైడో టిర్జెపటైడో. నలుగుపిండీ షుగరు మందూ ఒకే రేటు కార్డు మీద పక్కపక్కన కూర్చున్నాయంటే వైద్యానికీ అలంకారానికీ మధ్య ఉన్న పాత మడీ మైలా పోయాయని సంతోషించాలి కాబోలు. 2025 మార్చిలో టిర్జెపటైడ్ బ్రాండు మౌంజారో, జూన్‌లో సెమాగ్లుటైడ్ బ్రాండు వెగోవీ మన మార్కెట్లోకి వచ్చినప్పుడు ధర చూసి వెనకడుగు వేసిన మధ్యతరగతికి 2026 మార్చి శుభవార్త తెచ్చింది. సెమాగ్లుటైడ్ మీద పేటెంటు గడువు తీరింది. హైదరాబాద్ కంపెనీలతో సహా దేశీ తయారీదారులకు దారి తెరుచుకుంది. మందు చవక కావడం షుగరు రోగులకు నిజంగా మేలే. ఆ మేలు పూర్తిగా వాళ్లదాకా చేరకముందే పెళ్లివాళ్లు క్యూలోకి జొరబడ్డారు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ చికాకు పెడుతున్నది ఈ ప్యాకేజీ కాలెండరు. మూడు నెలలు. నిశ్చితార్థం అయిన మర్నాడు మొదలు, తలంబ్రాలనాటికి పూర్తి. పంతులుగారు తిథి, వారం, నక్షత్రం, తారాబలం చూసి, శుక్ర మూఢం దాటించి ముహూర్తం పెడతారు. ఆ లెక్కలో పావుగంట తేడా వస్తే ఊరుకోని ఇంట్లో, మందు పెట్టెలో మడతలు మడతలుగా పెట్టిన కాగితాన్ని తెరిచి చదివేవాళ్లు ఒక్కరు ఉండరు. అందులోనూ ఒక కాలెండరు ఉంది. బరువు తగ్గడానికి సెమాగ్లుటైడ్ వాడేటప్పుడు 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. నాలుగు వారాలకోసారి పెంచుకుంటూ 0.5, 1, 1.7 దాటి, 16 వారాలు గడిచాక గానీ 2.4 అనే పూర్తి మోతాదుకు చేరరు. 16 వారాలంటే దాదాపు నాలుగు నెలలు. ప్యాకేజీ మూడు నెలలు. అంటే మందు అసలు మోతాదు మొదలయ్యేలోపే సన్నాయి మేళం మొదలవుతుంది. ఇన్ని అంచెలు ఎందుకు పెట్టారంటే, ఒళ్లు అలవాటు పడకముందే మోతాదు పెంచితే వాంతులు ఆగవు గనుక. కడుపులో తిప్పడం, వాంతులు, విరేచనాలు ఎక్కువగా కనిపించేది మోతాదు పెంచుతూ పోయే ఆ వారాల్లోనే. కష్టమంతా ఉన్న సగాన్ని డబ్బిచ్చి కొనుక్కుని, ఫలితమంతా ఉన్న సగాన్ని వదిలేసి రావడాన్ని ప్యాకేజీ అంటున్నారు. తొందరున్నవాళ్లు ఆ నాలుగేసి వారాలను రెండేసి వారాలకు కుదించమంటే కుదించే పుణ్యాత్ములూ ఉంటారు. వాళ్ల పేషెంట్ల గతి ఏమిటో వాళ్ల బాత్రూములకే తెలియాలి.

వాంతుల దగ్గర కాస్త ఆగాలి. సెమాగ్లుటైడ్‌కు పేరు తెచ్చిన స్టెప్-1 పరీక్ష 2021లో వెలువడింది. అందులో మందు తీసుకున్నవాళ్లలో 44 శాతం మంది కడుపులో తిప్పుతోందన్నారు, దాదాపు 25 శాతం మందికి వాంతులయ్యాయి, 31 శాతం మందికి విరేచనాలు. చాలావరకు ఓర్చుకోగలిగినవే, కొన్నాళ్లకు తగ్గేవే. జబ్బుతో ఉన్న మనిషి ఓర్చుకుంటాడు, ఓర్చుకోవాలి కూడా. మన పెళ్లికూతురి సంగతి వేరు. తెలుగు సినిమా ఇన్నేళ్లుగా మనందరికీ నేర్పిన వైద్యశాస్త్రం ఒక్కటే: అమ్మాయి వాంతి చేసుకుంటే నాయనమ్మ నాడి పట్టుకుంటుంది, ఇంట్లో అందరి మొహాలూ మారతాయి. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య, బట్టల షాపులో కంచిపట్టు చీరలు విప్పి పరిచిన చోట, కాబోయే అత్తగారి ఎదుట అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగెత్తితే దానికి సంజాయిషీ ఎలా చెప్పాలో ప్యాకేజీలో కలిపారో లేదో. ఇక పెళ్లిరోజు. ఈ మందు పనిచేసే తీరులో ఒక భాగం కడుపులోని ఆహారం కిందికి జారడాన్ని నెమ్మది చేయడం. తెల్లవారుజాము నుంచి ఉపవాసం, గౌరీపూజ, హోమం పొగ, మీద ఆరేడు కిలోల పట్టూ బంగారమూ, ఏసీ పనిచేయని మండపం. అంతా అయ్యాక బూరెలు, పులిహోర, గుత్తివంకాయ వడ్డించిన విస్తరి. వాంతులతో, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోయి కిడ్నీలు దెబ్బతిన్న సందర్భాలున్నాయని ఆ మందు కాగితమే హెచ్చరిస్తోంది. పిత్తాశయంలో రాళ్ల గురించీ హెచ్చరిక ఉంది. బరువు వేగంగా తగ్గినప్పుడు అవి ఏర్పడటం ఎప్పటినుంచో తెలిసిన సంగతే. క్లోమం వాపు అరుదు, వస్తే మాత్రం పెళ్లి వాయిదా పడటం అందులో అతి చిన్న నష్టం.

అందం కోసమే కదా అంటారు. అందం సంగతే చూద్దాం. బరువు గబగబా తగ్గినప్పుడు కొవ్వు నడుము దగ్గరే పోవాలని రూలేమీ లేదు, బుగ్గల్లోంచీ పోతుంది. మొహం పీక్కుపోతుంది. పెళ్లికళ రావాల్సిన సమయానికి పది లంఖణాలు చేసిన కళ వస్తుంది. దానికి అదే క్లినిక్కులో ఫిల్లర్లు ఉన్నాయి, అదనపు ఛార్జీ. బరువు వేగంగా పడిపోయిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం ఒంటికి మామూలే. టైఫాయిడ్ తర్వాత, కాన్పు తర్వాత రాలే తీరులోనే రాలుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొలుస్తుంది. వెగోవీ పరీక్షల్లో మందు తీసుకున్న పెద్దవాళ్లలో 3 శాతం మంది జుట్టు రాలిందని చెప్పారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 1 శాతం. చిన్న అంకె, ఒప్పుకుంటాను. కానీ మూడు నెలల ప్యాకేజీ, రెండు మూడు నెలలకు రాలే జుట్టు: పూలజడ వేసే అమ్మాయి దువ్వెన పట్టుకునే వేళకు సరిగ్గా సరిపోయింది. ముహూర్తం కుదరడమంటే ఇదే.

పెళ్లి అయిపోయింది, ఆల్బమ్ వచ్చింది అనుకుందాం. రెండో నెల తిరిగేసరికి చుట్టాల ఫోన్లు మొదలవుతాయి, 'ఏమ్మా, విశేషమేమైనా ఉందా?' అని. వాళ్లకు తెలియనిదీ, ప్యాకేజీ అమ్మినవాళ్లు చెప్పి ఉండాల్సిందీ ఒకటుంది. సెమాగ్లుటైడ్ ఒంట్లోంచి పోవడానికి చాలా కాలం పడుతుంది. ఆఖరి సూది తర్వాత ఐదు నుంచి ఏడు వారాలదాకా రక్తంలో ఆనవాళ్లు ఉంటాయి. అందుకే గర్భం కోరుకునేవాళ్లు కనీసం రెండు నెలల ముందు ఆపేయాలని కాగితంలో స్పష్టంగా రాశారు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో పిండానికి హాని కనిపించింది, మనుషుల విషయంలో చాలినంత సమాచారం లేదు. టిర్జెపటైడ్‌ది ఇంకో మెలిక. అది గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గించగలదు. మొదలుపెట్టిన నాలుగు వారాలూ, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలూ మాత్రల మీదే ఆధారపడొద్దు, కండోమ్ లాంటి మరో పద్ధతి వాడండి అని దాని కాగితం చెబుతోంది. పైగా బరువు తగ్గడంతో, అప్పటిదాకా సరిగా విడుదల కాని అండం కొందరిలో విడుదల కావడం మొదలవుతుంది. అన్నీ కలిపి చూడండి. గర్భం రాకూడని కాలం, గర్భం తేలిగ్గా రాగల ఒళ్లు, పనిచేయకపోవచ్చుననే మాత్ర, ఇవి మూడూ కలిసే రోజుల్లోకి గురిచూసి కొత్త పెళ్లికూతురిని తీసుకెళ్లి నిలబెడుతున్నారు. శోభనానికి కూడా ముహూర్తం పెట్టే జాతి మనది. ఆ గదిలోకి వెళ్లబోయే ఇద్దరిలో ఒక్కరికైనా ఈ రెండు వాక్యాలు ఎవరైనా చెప్పారా? చెప్పి ఉంటే ఆ ప్యాకేజీ అమ్ముడుపోయేదా?

పెళ్లంటే నూరేళ్ల పంట అన్నారు పెద్దలు. ఒళ్లు మాత్రం మూడు నెలల పంట చాలట. స్టెప్-1లో ఏడాది పైగా మందు వాడి సగటున 17 శాతం బరువు తగ్గిన 228 మందిని, మందు ఆపేశాక మరో ఏడాదిపాటు గమనించారు. తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగి వచ్చేసింది. మందు ఉన్నన్నాళ్లే ఆకలి తగ్గుతుంది, ఆపితే ఆకలి తన ఇంటికి తాను తిరిగి వస్తుంది; ఇందులో ఎవరి సంకల్పబలం లోపమూ లేదు, మందు స్వభావమే అది. 68 వారాలు వాడినవాళ్ల గతే అదైతే 12 వారాలవాళ్ల సంగతి చెప్పాలా? పోయిన బరువూ వచ్చిన బరువూ ఒకటే అయినా బాగుండేది. అదీ కాదు. ఆ పరీక్షలోనే కొందరికి స్కాన్ చేసి చూస్తే, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కాదు, కండరం తదితరాలు. తిరిగి వచ్చేది మాత్రం ఎక్కువగా కొవ్వే. మనవాళ్లకు ఇది మరీ చేటు. 2004లో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్, లండన్ డాక్టర్ జాన్ యడ్కిన్ ఇద్దరూ తమ ఫొటో ఒకటి లాన్సెట్ పత్రికలో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్నిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నం, లోపల కొవ్వు: భారతీయుల ఒంటి తీరు ఇదని ఆ ఒక్క ఫొటో లోకానికి చెప్పింది. కండ అసలే తక్కువున్న జాతి, ఉన్న కాస్త కండనూ పెళ్లి ఫొటో కోసం కరిగించి, మొదటి ఆషాఢం నాటికి దాని స్థానంలో కొవ్వు నింపుకుంటోంది. రేపు షుగరు వచ్చేది ఆ కొవ్వుకే. అప్పుడు ఈ సూదే నిజంగా అవసరం పడుతుంది, వ్యాపారం చక్రంలా తిరుగుతుంది.

ఇక వెటకారం చాలు. అసలు మాట ఇది. ఏ మందూ దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎవరికి, ఏ జబ్బుకు అన్నదే లెక్క. తక్కెడలో ఒకవైపు మందు చేసే కీడు, రెండోవైపు జబ్బు చేసే కీడు. జబ్బు వైపు బరువుగా ఉన్నప్పుడే మందు రాస్తారు. స్టెప్-1లో పాల్గొన్న 1,961 మంది సగటు బరువు 105 కిలోలు, సగటు బీఎంఐ దాదాపు 38. గుండెజబ్బుల మీద చేసిన సెలెక్ట్ పరీక్షలోని 17,604 మంది 45 ఏళ్లు నిండినవాళ్లు, బీఎంఐ 27కు తగ్గనివాళ్లు, అప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు, లేదా కాళ్ల రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లు. వాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. గొప్ప ఫలితం, చేతులెత్తి దండం పెట్టాల్సిన ఫలితం. వాళ్లకు వాంతులైనా ఫరవాలేదు, రాళ్లు ఏర్పడినా ఫరవాలేదు, ప్రాణం నిలబడింది. ఇప్పుడు ఐదడుగుల నాలుగంగుళాల ఎత్తు, 62 కిలోల బరువున్న అమ్మాయిని అనుకోండి. బీఎంఐ 23.5 దగ్గర తేలుతుంది. షుగరు లేదు, బీపీ లేదు, నెలసరి సరిగ్గా ఉంది, మూడంతస్తులు మెట్లెక్కగలదు. ఆమె తక్కెడలో జబ్బు వైపు ఏం పెడతారు? లెహంగా నడుము కొలతా? అటు ఏమీ లేనప్పుడు ఇటు ఉన్న చిన్న ముప్పు కూడా మొత్తం ముప్పే. ఈమెలాంటివాళ్ల మీద, ఈ అవసరానికి, మూడు నెలలు వాడి ఆపేస్తే ఏమవుతుందో చూపే పెద్ద పరీక్ష ఏదీ లేదు. ఎవరో జబ్బుమనిషి ఒంటి మీద సంపాదించిన భరోసాను తెచ్చి, జబ్బే లేని మనిషికి అంటగట్టి అమ్ముకోవడం వైద్యం కాదు. మోసం.

ఇది కొత్త మోసమూ కాదు. 1930లలో డైనైట్రోఫినాల్ మింగించి సన్నబరిచారు. యువతులకు కళ్లలో శుక్లాలు వచ్చాయి, కొందరు ఒళ్లు కాలిపోయేంత జ్వరంతో చచ్చిపోయారు. 1996లో అమెరికాలో ఫెన్‌ఫ్లురమిన్, ఫెంటర్మిన్ మందుల చీటీలు కోటీ 80 లక్షలు దాటాయి. రెండిటినీ విడివిడిగా అనుమతించారు, కలిపి వాడటానికి ఎవరూ ఎప్పుడూ అనుమతివ్వలేదు. 1997లో మేయో క్లినిక్ డాక్టర్లు 24 మంది స్త్రీల గుండె కవాటాలు చెడిపోయిన తీరు బయటపెట్టారు; సెప్టెంబరులో ఫెన్‌ఫ్లురమిన్‌ను మార్కెట్లోంచి తీసేశారు. ఆ మందులు మింగినవాళ్లందరూ విపరీతమైన బరువుతో ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు కారు. ఒక యువతి తన పెళ్లికి కొన్ని కిలోలు తగ్గాలని మూడు వారాలు మింగింది. ఊపిరి అందక ఆపేసింది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోయి కొన్ని నెలలకు చనిపోయింది. పెళ్లి జరగలేదు. ఆ తర్వాత రిమోనబంట్, 2006లో యూరప్‌లో వచ్చింది, మనసు కుంగిపోయి ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయని 2008లో ఆపేశారు. సిబుట్రమిన్‌ను 2010లో అమెరికా, యూరప్ వదిలించుకున్నాయి, 2011లో మనమూ నిషేధించాం. ఇప్పటి సూదులు వాటి కోవలోవి కావు. ఈ కుటుంబపు మొదటి మందు 2005లో వచ్చింది, షుగరు రోగులు ఇరవై ఏళ్లుగా వాడుతున్నారు, చాలామటుకు నిలబడ్డాయి. ఆ మాట నిజం గనుకే చెబుతున్నాను: ఆ పాత మందులన్నిటినీ కూడా అమ్మిన రోజున 'సేఫ్' అనే అమ్మారు. ముప్పు ఎంతన్నది లక్షల మంది వాడాక తెలిసింది. అరుదైన ముప్పును లక్షల మంది ఒంటికి పంచితే అది అరుదుగా ఉండదు. 2025 జూన్‌లో యూరప్ మందుల సంస్థ సెమాగ్లుటైడ్ వాడేవాళ్లలో కంటి నరం హఠాత్తుగా దెబ్బతిని చూపు పోయే ప్రమాదం పదివేల మందిలో ఒకరిదాకా ఉండొచ్చని తేల్చింది. షుగరుతో కళ్లూ కిడ్నీలూ రెండూ పోగొట్టుకోబోతున్న మనిషికి ఆ ఒకటి ఒప్పుకోదగ్గ లెక్క. సంగీత్‌లో డాన్సు చేయబోయే పాతికేళ్ల పిల్లకు ఎలా ఒప్పుకుంటాం? ఎవరొప్పుకున్నారు ఆమె తరఫున?

ప్యాకేజీలో మిగతా సరుకు గురించి ఒక్కో మాట చాలు. గ్లూటాథయోన్ డ్రిప్పుతో తెల్లబడతారనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. చర్మం ఊడిపోయే ప్రాణాంతక రియాక్షన్లు, కిడ్నీ, థైరాయిడ్ ఇబ్బందులు ఉన్నాయని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2011లోనే హెచ్చరించింది. మొహానికి బెట్నోవేట్ అనే స్టెరాయిడ్ క్రీము మన పాత జాడ్యం: పూయగానే వచ్చే ఆ తెలుపులో చాలాభాగం రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల వచ్చే పాలిపోవడమే, స్టెరాయిడ్ ఎంత ఘాటైనదో ల్యాబుల్లో కొలిచేది కూడా ఆ పాలిపోవడంతోనే. మానేశాక మంట, ఎరుపు, మొటిమలు, ఆడపిల్ల చెంపల మీద నూగు. పన్నెండు చోట్ల చర్మవ్యాధుల డాక్టర్లు 2,926 మందిని చూసి, 433 మంది మొహానికి స్టెరాయిడ్ పూస్తున్నారని 2011లో ప్రకటించారు; 2018లో 14 స్టెరాయిడ్ క్రీములను చీటీ లేనిదే అమ్మొద్దన్నారు; మందుల షాపులో ఇప్పటికీ పేరు చెప్పి చెయ్యి చాపితే చాలు. కనురెప్పల వెంట్రుకలు ఒత్తుగా రావడానికి గ్లాకోమా మందు పూసుకుంటే కనుపాప రంగు మారి అలాగే ఉండిపోవచ్చు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం.

దీనికి మొదటి జవాబు నాకు తెలుసు: డాక్టరుగారే రాశారు కదా. రాశారు. డాక్టరు చీటీ రాయగానే అలంకారం వైద్యం అయిపోదు. చీటీ అంటే, ఈ మనిషిని చూశాను, ఈ జబ్బుంది, ఈ మందు చేసే మేలు కీడు కన్నా ఎక్కువని లెక్క చూశాను, రేపు తేడా వస్తే నేనున్నాను అని చేసిన సంతకం. మన దేశంలోనూ ఈ సూదులకు బరువు విషయంలో ఇచ్చిన అనుమతి బీఎంఐ 30, లేదా 27 ఉండి తోడు మరో జబ్బున్నవాళ్లకు. 23 ఉన్న అమ్మాయి చీటీలో జబ్బు పేరు దగ్గర ఏం రాస్తున్నారో ఒకసారి చూపించమనండి. నిజం రాయదలిస్తే 'అత్తగారు' అని రాయాలి. మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగారా? ఆ చరిత్ర ఉన్నవాళ్లు ఈ మందు ముట్టకూడదని మందు కాగితంలో నల్ల గీతల పెట్టె కట్టి మరీ అమెరికాలో హెచ్చరిస్తున్నారు. ఇంకో జవాబు, అమెరికాలో మనవాళ్లంతా వాడుతున్నారు అని. వాడుతున్నారు, అక్కడ సీసాల్లో కలిపి అమ్మిన సెమాగ్లుటైడ్‌ను సిరంజిలో కొలవడం రాక, వేసుకోవాల్సినదానికి ఐదు నుంచి ఇరవై రెట్లు వేసుకుని ఆస్పత్రుల పాలైనవాళ్ల గురించి ఆ దేశపు ఎఫ్‌డీఏ 2024 జులైలో హెచ్చరించాల్సి వచ్చింది. డాలస్ పెళ్లి అయినంతమాత్రాన కడుపు డాలస్‌ది కాదు.

కొంచెం బరువైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని వెటకారంతో కొట్టిపారేయను. మనవాళ్లకు తక్కువ బరువులోనే షుగరు వస్తుంది, పాశ్చాత్యుల బీఎంఐ హద్దులు మనకు సరిపోవు, నువ్వే చెప్పిన యాజ్నిక్ ఫొటోయే అందుకు సాక్ష్యం, అలాంటప్పుడు 25 ఉన్నవాళ్లకు ముందే మందు ఇస్తే తప్పేమిటి? పీసీఓఎస్‌తో బాధపడే అమ్మాయిల సంగతేమిటి? తప్పేమీ లేకపోవచ్చు. ఆ వాదన చేసే డాక్టరు ముందు నడుము చుట్టుకొలత తీసుకుంటాడు, హెచ్‌బీఏ1సీ చేయిస్తాడు, లివర్ చూస్తాడు, ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో అడుగుతాడు, మాంసకృత్తులు ఎంత తినాలో, ఏ వ్యాయామంతో కండ నిలుపుకోవాలో చెబుతాడు, పిల్లల్ని ఎప్పుడు కనాలనుకుంటున్నావని అడుగుతాడు, ఇది ఏళ్ల తరబడి సాగే వైద్యమని ముందే చెప్పి మరీ మొదలుపెడతాడు. అతను అడగనిది ఒకటే: పెళ్లెప్పుడు? ప్యాకేజీ అమ్మేవాడు మొదట అడిగేదీ, చాలాసార్లు చివరిదాకా అడిగేదీ అదొక్కటే. నిజంగా జబ్బున్న అమ్మాయిని కవచంగా ముందు నిలబెట్టి, జబ్బు లేని అమ్మాయికి అమ్ముకుంటున్నారు. ఆ జబ్బున్న అమ్మాయికి మిగిలేది 'నువ్వూ పెళ్లి కోసమే వాడుతున్నావా' అనే వెకిలి నవ్వు. 2022, 23ల్లో ఓజెంపిక్ (షుగరుకు వాడే సెమాగ్లుటైడ్) దొరక్క పలు దేశాల్లో షుగరు రోగులు మందుల షాపుల చుట్టూ తిరిగారన్నది కూడా మరిచిపోకూడదు.

చివరికి, ఆమె ఒళ్లు, ఆమె ఇష్టం, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. ఆమె ఇష్టమే అయితే నాకు నోరెత్తే హక్కు లేదు. కానీ ఈ ఇష్టం ఎప్పుడు పుట్టిందో చూడండి. మ్యారేజ్ బ్యూరో ఫారంలో ఎత్తు, రంగు, బరువు గడులు నింపినప్పుడు పుట్టలేదా? 'అమ్మాయి బాగుంది, కాస్త ఒళ్లు తగ్గితే ఇంకా బాగుంటుంది' అని పెళ్లిచూపుల్లో పకోడీలు నములుతూ ఒకాయన అన్న మాటలోంచి పుట్టలేదా? ఆ మాట అన్న ఇంటి పెళ్లికొడుకు బొజ్జ షేర్వానీ గుండీల మధ్యలోంచి తొంగిచూస్తుంటుంది, అతనికి నిజంగానే ఫ్యాటీ లివర్ ఉండి ఉండొచ్చు, సూది అతనికే అవసరమై ఉండొచ్చు. ఇష్టం అనే మాట అర్థవంతం కావాలంటే తెలియాల్సినవి ముందు తెలియాలి. ఆపితే మూడింట రెండొంతులు తిరిగొస్తుందనీ, పోయేదాంట్లో కండ కూడా ఉందనీ, గర్భానికి రెండు నెలల ముందు మానాలనీ ఆ రేటు కార్డు మీదే, ధర ఎంత అక్షరాల్లో వేశారో అంతే అక్షరాల్లో అచ్చువేసి ఇవ్వండి. ఆ తర్వాత కూడా సంతకం పెడితే అప్పుడు ఇష్టం అందాం. అచ్చువేయరు. ఎందుకంటే ప్రిస్క్రిప్షన్ మందును జనానికి ఇలా ప్రచారం చేసి అమ్మడమే మన నిబంధనలకు విరుద్ధం, ఆ కార్డే ఉండకూడదు. దాన్ని పట్టుకోవడానికి డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు అర్ధరాత్రి దాడులు చేయనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ అధికారి ఇంట్లోనో పెళ్లీడు పిల్ల ఉండే ఉంటుంది, ఆమె ఫోనులో ఇన్‌స్టాగ్రామ్ తెరిచి చూస్తే చాలు.